ఏరు ఈదిన ఇల్లాలు

లెక్కల మాస్టారి ఇల్లాలు రెండు చంకల్లో రెండు గుమ్మడికాయలు ఇరికించుకుని ఏటికి ఎదురీదుతోంది. ఏరు గంటకు మూడు కిలోమీటర్ల వేగంతో ఆమెను వెనక్కి తోస్తోంది. ఆమె గంటకు ఐదు కిలోమీటర్ల చొప్పున ముందుకు దూసుకుపోతోంది. సంత అర కిలోమీటరు దూరంలో ఉంది. ఎంతసేపట్లో చేరుతుంది?

ఇదీ నల్లబల్ల మీది లెక్క. మాస్టారు దాన్ని చెప్పడం లేదు, ఈదుతున్నారు. చంకల్లో రెండు డస్టర్లు పెట్టుకుని, మోచేతుల కింది చేతులు మాత్రం తాబేలు కాళ్ళలా ఆడిస్తూ, బల్లకీ కిటికీకీ మధ్య రొప్పుకుంటూ పోతున్నారు.

"అయ్యయ్యో! ఎడమ చంకలో కాయ జారింది!"

డస్టరు నేలమీద పడి సుద్దపొగ లేచింది. తరగతి మొత్తం లేచి నిలబడింది.

"ఇప్పుడేం చేస్తుంది?" అన్నారు మాస్టారు.

"పోతే పోయిందంటుంది. ఇంకోటి ఉందిగా!" అన్నాడు వెనక బెంచీ గుండ్రాయి.

"కాదు, వెనక్కి తిరుగుతుంది!" అని ముందు బెంచీ మీంచి చిచ్చుబుడ్డి అరిచింది.

ఆ పేర్లు మాస్టారు పెట్టినవే. తాను ఉద్యోగానికి వచ్చిన ఆ పరాయి దేశపు పిల్లల అసలు పేర్లకి ఆయన నాలుక మడత పడేది. అందుకని తన భాషలో తలా ఒక పేరు తగిలించారు. వాళ్ళు వాటిని కిరీటాల్లా పెట్టుకు తిరుగుతున్నారు.

"మా ఇంటావిడ వదిలే రకమా! సూది పోతే దూలాలు దింపి వెతికే మనిషి. వెనక్కే తిరిగింది! కాయ ఏటివాలున పోతోంది. ఆవిడ దాన్ని తరుముతోంది. ఎక్కడ పట్టుకుంటుంది? త్వరగా కానీండి, అక్కడ ఆవిడకి ఊపిరాడటం లేదు!"

తలలన్నీ పుస్తకాల మీదికి వంగాయి. అందులో ఒక్కడు ముక్కు మూసుకుని, ఊపిరి బిగబట్టి మరీ లెక్క చేస్తున్నాడు. ఇవే తలలు, పోయిన సంవత్సరం మాస్టారు రెండు రైళ్ళని ఎదురెదురుగా నడిపినప్పుడు, కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేవి. రైళ్ళు గుద్దుకున్నా తిరిగేవి కావు.

వెనక గోడవారన కుర్చీ వేసుకుని కూర్చున్న హెడ్‌మిస్ట్రెస్ గంట కొట్టగానే లేచి వచ్చింది. ఆవిడకి పళ్ళు ఉన్నాయో లేవో ఆ బడిలో ఎవరికీ తెలీదు. నవ్వితే గదా తెలిసేది!

"మీ భార్య నిజంగానే ఏరు ఈదుతారా?" అంది.

"ఈదుతుందండీ. లెక్క కోసం కాస్త అటూ ఇటూ చేస్తాం గదా."

"ఎటు?"

మాస్టారు నిజాయితీగా ఆలోచించారు. "పైకేనండీ. కిందికి చేసే అలవాటు లేదు."

"నాకు ఆవిణ్ణి చూడాలనుంది. పిల్లలకీ చూపించాలి. శుక్రవారం భోజనాల ముందు పీరియడు మీదే కదా. తెర దింపి మాట్లాడిద్దాం."

మాస్టారు ఏదో అనబోయారు. ఈలోపు గుమ్మంలో నక్కిన చిచ్చుబుడ్డి విననే వింది. కేక పెడుతూ వరండా వెంట పరిగెత్తింది. ఆ కేక మెట్లు దిగి, మైదానం దాటి, గేటు కాపలాదారు చెవిన పడేసరికి మాస్టారి భార్య గుమ్మడికాయలతో సహా విమానం ఎక్కేసింది.

సాయంత్రం మాస్టారు తన వాటాకి వచ్చి, తలుపు వేసుకుని, ముందుగా టీవీ పెట్టారు. వార్తలు కాదు. నలుగురు కూర్చుని నవ్వుకునే కార్యక్రమం ఏదో వెతికి, పక్కగదిలో జనం ఉన్నారనిపించేంతకి దాని గొంతు తగ్గించారు. అలమరలోంచి రెండో గ్లాసు తీసి, ఫోన్లో కనబడేలా బల్లమీద పెట్టారు. అప్పుడు ఇంటికి ఫోన్ చేశారు.

అవతల ముందు కనబడింది ఇల్లాలు కాదు, కుట్టుమిషను చక్రం. దాని వెనకనుంచి గొంతు వచ్చింది.

"ఏవిటండీ ఆ గోల?"

"రోజూ ఉండేదేగా. పక్కవాటా డాక్టరూ, కింద రొట్టెల కొట్టాయనానూ. పేకాట. నీతో మాట్లాడాలని అవతల గదిలోకి తోలాను."

"భోంచేశారా?"

"నన్నెక్కడ చెయ్యనిస్తారే! మా ఇంట్లో అంటే మా ఇంట్లో అని మెట్లమీద కలియబడ్డారు. చివరికి చీట్లు వెయ్యాల్సొచ్చింది."

"పాపం. చెరో చెయ్యీ పట్టుకు లాగితే చంకల్లో కుట్లు ఊడతాయి, చూసుకోండి."

"నీ దగ్గరో?"

"ఇక్కడా సంతే. జాకెట్లకని నలుగురొచ్చి కూచున్నారు, కదలరు. వీళ్ళ కబుర్లతో చెవులు చిల్లులు పడుతున్నాయి."

డాక్టరనే మనిషి పక్కవాటాలో ఉన్నమాట నిజమే. వాళ్ళిద్దరి స్నేహం లిఫ్టులో ఒకరికొకరు తలూపుకునేంత. రొట్టెలాయనతో ఇంకాస్త దగ్గర. ఆయన రొట్టె పొట్లం చేతికిస్తూ "తరవాత" అంటాడు, వెనకున్న మనిషిని ఉద్దేశించి. ఇక బడిలో టీచర్లు చెడ్డవాళ్ళేం కాదు. మధ్యాహ్నం గుంపుగా కూర్చుని వాళ్ళ భాషలో గబగబా నవ్వుకుంటారు. ఆ నవ్వు దేనికో మాస్టారు పోల్చుకుని తానూ నవ్వేవేళకి, వాళ్ళు నవ్వడం అయిపోయి గిన్నెలు కడుక్కుంటుండేవారు. ఒక్కరే ఆలస్యంగా నవ్వడం బాగోదని ఆయన తరగతిగది కిటికీ దగ్గరే నిలబడి డబ్బా విప్పుకునేవారు.

"శుక్రవారం మా పిల్లలు నిన్ను చూస్తారట," అన్నారు మాస్టారు.

చక్రం టక్కున ఆగింది. "నన్నా?"

"నిన్నే. బళ్ళో, తెరమీద."

"అయ్యబాబోయ్! నేనేం మాట్లాడతానండీ? వాళ్ళ భాష నాకేం తెలుసు?" అంటూనే ఆవిడ లేచి నిలబడింది. మెడలో టేపు తీసి, మళ్ళీ వేసుకుంది. "ఏ చీర కట్టుకోను? ఆ నెమలికంఠం రంగుది బావుంటుందా? దానికి జాకెట్ లేదు. కుట్టేస్తాను. నా జాకెట్టు నేను కుట్టుకుని ఎన్నాళ్ళయిందో! ఇదిగో, ఆ డాక్టరుగార్నీ, రొట్టెలాయన్నీ కూడా రమ్మనండి. పరాయి దేశంలో మిమ్మల్ని ఇంతలా చూసుకుంటున్నారు, ఒక్క దణ్ణం పెట్టుకోవాలి."

మాస్టారు బల్లమీది రెండో గ్లాసు వంక చూశారు.

ఇప్పుడు సంగతేవిటంటే, ఇక్కడి పిల్లలకి అక్కడి గొప్పలు చెప్పారు. అక్కడి ఇల్లాలికి ఇక్కడి గొప్పలు చెప్పారు. మధ్యలో సముద్రం అడ్డంగా పడుకునుండబట్టి ఇన్నాళ్ళూ ఆ రెండు గొప్పలూ ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు. శుక్రవారం ఎదురుపడబోతున్నాయి. పిల్లలకి తెలిస్తే లెక్కలు మళ్ళీ చచ్చిపోతాయి. రైళ్ళు వచ్చేస్తాయి. ఇల్లాలికి తెలిస్తే అంతకంటే ప్రమాదం. "మూట కట్టుకుని వచ్చెయ్యండి" అంటుంది. ఆవిడ ఒక్కసారి అంటే చాలు, మాస్టారు ఆగలేరు. ఆ మాట పడితే పెట్టె సర్దేద్దామని ఆయన లోపలే ఎవరో బూట్లు వేసుకుని కూర్చున్నారు. ఆ మనిషిని లేవనివ్వకుండా కాచుకోవడానికే ఈ డాక్టర్లూ, పేకాటలూ.

మర్నాడు బడికి వెళ్ళేసరికి తరగతి గోడ కనబడలేదు. ఏరూ, ఆ ఏట్లో పడవంత మనిషీ, ఆ మనిషి చంకల్లో బండిచక్రాలంత గుమ్మడికాయలూ. గుండ్రాయి ఏటి పక్కన మొసలిని కూడా గీశాడు. అది భయపడి పారిపోతోంది.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "ఒక విచారకరమైన వార్త. మా ఆవిడకి జలుబు చేసింది. శుక్రవారం బహుశా..."

"ఏరు ఈదే మనిషికి జలుబేవిటి?" అంది చిచ్చుబుడ్డి.

మాస్టారు వెంటనే హాజరు పిలవడం మొదలుపెట్టారు.

పోనీ ఇటు చెబుదామని సాయంత్రం టీవీ పెట్టకుండా ఫోన్ చేశారు. "ఇదిగో, నీతో ఒక మాట..." అనేలోపే ఆవిడ జాకెట్టు చెయ్యి ఒకటి ఫోను నిండా పరిచింది. "మోచెయ్యి దాకా ఉంచనా, పొట్టి చెయ్యి పెట్టనా? బళ్ళో కదా, పొడుగైతేనే మర్యాదగా ఉంటుందేమో! అంచు పట్టీ కుడుతున్నా, చూడండి, చేత్తోనే." దారం పళ్ళతో కొరికి, వేలికొసన ముడి తిప్పింది. ఆవిడ మొహంలో ఉన్న వెలుగు చూశాక మాస్టారు అనబోయిన మాట మార్చేశారు. "మోచెయ్యి దాకానే ఉంచు," అన్నారు.

గురువారం పొద్దున్న లిఫ్టులో దిగుతుండగా ఆయనకి మెరుపు మెరిసింది. అసలు ఆవిడకి వాళ్ళ భాష రాదు. వాళ్ళకి ఆవిడ భాష రాదు. మధ్యలో దుబాసీ ఎవరు? తానే! ఒక నోరు, రెండు ఊళ్ళు. ఆ నోరు తనదైనప్పుడు భయమెందుకు? ఆనందం పట్టలేక లిఫ్టులోనే ఒక గంతు వేశారు. పక్కనున్న డాక్టరు రోజూ ఊపే తల ఊపకుండా మూలకి జరిగాడు.

శుక్రవారం తెర దిగింది. మాస్టారి ఇల్లాలు నల్లబల్లకంటే పెద్దదై ప్రత్యక్షమైంది. నెమలికంఠం చీర, మోచేతిదాకా జాకెట్టు, ముక్కు చివర కళ్ళజోడు, మెడలో టేపు. జాకెట్టుకి తోడు టేపు కూడా నగే అనుకుందేమో, తియ్యలేదు. పక్కన మిషను, వెనక కొక్కేలకి వేలాడే గుడ్డలు.

పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. పడవంత మనిషి ఏదీ? ఇంతలో ఆవిడ రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టేసరికి గది దద్దరిల్లింది.

చిచ్చుబుడ్డి మొదటి ప్రశ్న వేసింది. "అమ్మా, మీరు ఏరు ఎంతసేపట్లో ఈదుతారు?"

మాస్టారు తెరవైపు తిరిగి, "నీ ఒంట్లో ఎలా ఉందని అడుగుతున్నారే," అన్నారు.

"బాగానే ఉంది, మోకాళ్ళే పట్టేస్తున్నాయని చెప్పండి," అంటూ ఆవిడ మోకాళ్ళు పట్టుకుని చూపించింది.

మాస్టారు పిల్లలవైపు తిరిగారు. "మామూలుగా అయితే పావుగంట అంటోంది. వరదొస్తే ఇరవై నిమిషాలు. ఒకసారి మొసలి వెంటబడితే మాత్రం ఐదే!"

కేకలు, చప్పట్లు, బల్లల మీద దరువులు.

"నా మోకాలి నొప్పికి అంత సంబరమేవిటండీ?" అందావిడ.

"సానుభూతే. ఈ దేశంలో ఇలాగే చూపిస్తారు."

"అలాగా! మరి డాక్టరుగారేరీ?"

మాస్టారు పిల్లలతో, "బాగా చదువుకుంటున్నారా అని అడుగుతోంది," అన్నారు.

"ఆ!" అంది తరగతి ఒక్క గొంతుతో.

మాస్టారు తెరవైపు తిరిగి, "డాక్టరుగారు బయల్దేరి గేటుదాకా వచ్చారట. అంతలో ఎవరికో ఆపరేషను చెయ్యాల్సొచ్చి వెనక్కి పరిగెత్తారట. రొట్టెలాయన పొయ్యి ఆర్పడానికి లేదట. ఇద్దరూ నీకు నమస్కారాలు చెప్పమన్నారట," అన్నారు.

ఇల్లాలు కళ్ళజోడు పైకి నెట్టుకుంది.

"పిల్లలు 'ఆ' అన్నారు. అంతే. జానెడు గుడ్డలో బారెడు చొక్కా ఎలా వచ్చిందండీ?"

"ఈ భాష అలాంటిది. చుట్టి పెట్టినట్టుంటుంది. విప్పితే..."

అటు చిచ్చుబుడ్డి కూడా లేచింది. "మాస్టారూ, అమ్మ మోకాలు పట్టుకున్నారు కదా. మొసలి కరిచిందా?"

"వాళ్ళేవంటున్నారు?" అంది ఇల్లాలు.

"ఆవిడేమంటున్నారు?" అన్నారు పిల్లలు.

మాస్టారు అటు ఒకసారి, ఇటు ఒకసారి తిరిగారు. నోరు ఒకటే. ఊళ్ళు రెండు.

"మీరు కాస్త పక్కకి జరగండి. నేను కొలతలు తీసే మనిషిని. మాట రాకపోయినా ఒళ్ళు చూసి పోల్చుకుంటాను," అందావిడ.

గుండ్రాయి అంతసేపూ దీనికోసమే కాచుకున్నట్టున్నాడు. రెండు డస్టర్లు లాక్కుని, చంకల్లో పెట్టుకుని, తాబేలు కాళ్ళు ఆడిస్తూ బెంచీల మధ్య ఈదాడు. చిచ్చుబుడ్డి గోడమీది బొమ్మలు చూపించింది. బొమ్మలోని మనిషినీ, తెరమీది మనిషినీ మార్చి మార్చి చూపించింది.

ఇల్లాలు ఏరు చూసింది. గుమ్మడికాయలు చూసింది. పారిపోతున్న మొసలిని చూసింది. తరవాత, నెమ్మదిగా, మొగుణ్ణి చూసింది.

"నేనా అది?"

మాస్టారు సుద్దముక్క వంక చూసుకున్నారు.

ఆవిడ నవ్వు మొదలైంది. మిషను చక్రం పట్టుకుని నవ్వింది, అది తిరిగితే దానితోపాటు తూలి నవ్వింది. కళ్ళజోడు తీసి పైటచెంగుతో తుడుచుకుంది. ఆ తరవాత లేచి నిలబడి పని మొదలుపెట్టింది. రెండు చేతులూ బారలు చాపి గుమ్మడికాయ చూపించింది, వద్దని తలూపింది. చేతులు దగ్గరికి తెచ్చింది. ఇంకా తెచ్చింది. చివరికి బొటనవేలూ చూపుడువేలూ కలిపి నిమ్మకాయ చేసింది. నీళ్ళు తలదాకా చూపించి, వద్దంది. మెడ, నడుము, మోకాలు, వరసగా దింపుకుంటూ వచ్చి చీలమండ దగ్గర ఆపింది. కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఒక్కో అడుగూ వణుకుతూ వేసి, కప్ప గెంతినట్టు వేళ్ళతో చూపించి, కెవ్వున వెనక్కి దూకింది.

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. రైళ్ళు కూత వేస్తున్నాయి.

"చీలమండ లోతా!" అంది చిచ్చుబుడ్డి. మరుక్షణం ముక్కులోంచి, నోట్లోంచి నవ్వు పేలింది. తరగతి మొత్తం అంటుకుంది. గుండ్రాయి కుచ్చిళ్ళు ఎత్తుకుని కప్పకి భయపడుతూ బెంచీలెక్కాడు. ఎవరో నల్లబల్ల దగ్గరికి దూకి, పాత లెక్కలో ఐదు కొట్టేసి, "అయితే అసలు వేగం ఎంత? కప్ప ఎన్ని గెంతులకోసారి ఆపుతుంది?" అని కొత్త లెక్క కట్టడం మొదలుపెట్టారు. మాస్టారు నెలల తరబడి కుట్టుకొచ్చిందంతా ఆవిడ రెండు చేతులతో కత్తిరించి పారేసింది. పిల్లలకి ఆ కత్తిరింపే ముద్దొచ్చింది.

"ఇప్పుడు నా వంతు," అంది ఇల్లాలు. వేలు పెట్టి మాస్టార్ని చూపించింది. ఐదు వేళ్ళూ కలిపి నోటిదగ్గర పెట్టుకుంది. తినడం. చుట్టూ చెయ్యి తిప్పింది. ఎందరితో? ఆపైన రెండు చేతులూ చాపి పదివేళ్ళు చూపించింది.

చిచ్చుబుడ్డికి అర్థమైంది. ఆటలో దిగింది. తల అడ్డంగా ఊపింది.

ఇల్లాలు ఒక వేలు మడిచింది. తొమ్మిది. చిచ్చుబుడ్డి కాదంది. ఎనిమిది. కాదంది. ఇప్పుడు తరగతి మొత్తం అందుకుంది. వేలు మడిచినప్పుడల్లా "కాదూ!" అని ఒక్క కేక. ఏడు. కాదూ! ఒక చెయ్యి పూర్తిగా మూసుకుపోయింది. నాలుగు. కాదూ! ఇల్లాలి మొహంలో నవ్వు ఇంకా ఉంది కానీ వేళ్ళు నెమ్మదించాయి. మూడు. కాదూ! డాక్టరూ, రొట్టెలాయనా రెండు వేళ్ళై నిలబడ్డారు. ఆవిడ ఆ రెండు వేళ్ళనీ కాస్త ముందుకు చాపింది, సరిగా చూడమన్నట్టు.

"కాదూ!"

ఒక్క వేలు మిగిలింది.

"అదీ! అదీ!" అని చిచ్చుబుడ్డి ఎగిరింది. జవాబు వచ్చింది గదా! కిటికీ దగ్గరికి పరిగెత్తి, నిలబడి, చేతిలో డబ్బా పట్టుకుని తింటూ బయటికి చూడటం చేసి చూపించింది. తరగతి చప్పట్లు కొట్టింది.

మాస్టారి చేతిలో సుద్దముక్క రెండై కిందపడింది. ఇల్లాలు వేలు దించలేదు.

చిచ్చుబుడ్డి ఆగుతుందా! తెరదగ్గరికి వచ్చి, ఆవిణ్ణి చూపించి, నోటిదగ్గర వేళ్ళు పెట్టి, పది చూపించింది. మరి మీరో?

ఇల్లాలు మిషను మీదికి చూపు తిప్పుకుంది. మళ్ళీ ఇటు చూసింది. తల అడ్డంగా ఊపింది. తొమ్మిది. ఎనిమిది. చిచ్చుబుడ్డి వేళ్ళు మడుస్తుంటే పిల్లలు ఈసారి ఊపిరి బిగబట్టారు. ఆరు, ఐదు. నాలుగు దగ్గర మాస్టారు తానే ముందుగా తలూపబోయారు, జాకెట్ల వాళ్ళు నలుగురు గదా! ఆవిడ కాదంది. మూడూ కాదు, రెండూ కాదు. ఒకటి దగ్గర చిన్నగా తలూపింది. తరగతి ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టింది. రెండు లెక్కలకీ ఒకటే జవాబు రావడం వాళ్ళకి భలే తమాషాగా ఉంది.

"ఆ నలుగురూ?" అన్నారు మాస్టారు, తెరకి దగ్గరగా జరిగి.

"మీ పేకాటవాళ్ళతోనే పోయారు," అందావిడ.

ఆయన బట్టతల తెర వెలుగులో మెరిసింది. లోపల బూట్లు వేసుకుని కూర్చున్న మనిషి లేచాడు. "వచ్చెయ్యమంటావా?" అన్నారు, పిల్లలకి తెలియని భాషలో అయినా గుసగుసగా.

ఆవిడ బెంచీల వంక చూసింది. కుచ్చిళ్ళు ఇంకా పట్టుకునే ఉన్న గుండ్రాయిని చూసింది. బల్లమీద సగం కట్టిన కప్ప లెక్క చూసింది.

"వీళ్ళని ఏట్లో వదిలేసా? నేనొక మాట చెబుతాను. ఉన్నదున్నట్టు వాళ్ళకి చెప్పండి. అతుకులు వెయ్యొద్దు, కత్తిరించొద్దు. మా ఆయన ఒక్కరే తింటున్నారు. ఆయనకి ఒక్కరే తినడం చేతకాదు. రోజూ మీతో కూచోబెట్టుకోండి."

మాస్టారు పిల్లలవైపు తిరిగారు. చేతికంటిన సుద్ద దులుపుకున్నారు. "మా ఆయన ఒక్కరే తింటున్నారు," అన్నారు వాళ్ళ భాషలో. ఎవరూ నవ్వలేదు. మిగతా రెండు వాక్యాలూ చెప్పారు. ఆయన నోట అంత పొట్టి మాటలు ఆ గది ఎన్నడూ వినలేదు.

గంట కొట్టింది. రోజూ ఆ గంటకి గుమ్మం దగ్గర తొక్కిసలాట జరుగుతుంది. ఇవాళ ఎవరూ లేవలేదు.

"ఇవాళ్టి నుంచా, సోమవారం నుంచా?" అంది చిచ్చుబుడ్డి.

మాస్టారు ఆ ప్రశ్నని ప్రశ్నలాగే అటు చెప్పారు.

"ఇవాళ్టి నుంచే అనండి. ఉండండి, నేనూ కంచం తెచ్చుకుంటాను," అని ఇల్లాలు తెరలోంచి తప్పుకుంది.

బెంచీలు కదిలాయి. ఈడ్చారు, ఎత్తారు, ఒకరి కాళ్ళమీద ఒకరు వేసుకున్నారు. గోడవారనుంచి హెడ్‌మిస్ట్రెస్ లేచి, "తిన్నాక ఎక్కడివక్కడ పెట్టాలి," అని వరండాలోకి వెళ్ళింది. వెళుతూ ఎప్పుడూ మూసే తలుపు మూయలేదు.

ఇల్లాలు కంచంతో వచ్చి మిషను బల్లమీద పెట్టుకుంది. గుండ్రాయి డబ్బా వంక మెడ చాపి, ఏవిటది అన్నట్టు గడ్డం ఎగరేసింది. వాడు ఒక ముక్క తీసి తెరకి అంటేటట్టు చూపించాడు. ఆవిడ మొహం చిట్లించింది. వాడు రొమ్ము తట్టుకుని, బావుంటుందని ప్రమాణం చేశాడు. ఆవిడ తన కంచం ఎత్తి చూపించింది. ఇటునుంచి ముగ్గురు మొహాలు చిట్లించారు. ఇక మొదలైంది రగడ, చేతులతో, కనుబొమలతో, నాలుకలతో.

మధ్యలో ఇరుక్కుని కూర్చున్న మాస్టారు, ఇది ఇలా కాదు, అసలు సంగతేవిటంటే అని చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచారు. రెండుసార్లూ చిచ్చుబుడ్డి అందులో ముద్ద పెట్టింది.